మామ ఫోనుకు మళ్ళీ తాళం వేసిన రోజు

మా మామకు చెవులు మందమని పామిడి బట్టల బజారంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. "ఈ ఫోన్లు చేసేటోళ్ళు సౌండు తగ్గించేసినారప్పా, ముందటి ఫోన్లే మేలు" అనేవాడు. మాది నైటీలు, లుంగీలు, లంగాలు హోల్‌సేలుగా అమ్మే అంగడి. కింద అంగడి, మీద ఇల్లు. చుట్టుపక్కల మండలాల చిన్న అంగళ్ళవాళ్ళు ఫోనులోనే సరుకు చెప్తారు. వాళ్ళతో మాట్లాడేది మామే. కొడుకులు ఫోనెత్తితే వాళ్ళకు తృప్తి ఉండదు. "పెద్దాయనకియ్యి" అంటారు.

ఒకసారి కంబదూరు నుంచి ఒకాయన ఇరవై నైటీలు పంపమంటే, మామ అరవై అని విని, అరవై మూట కట్టించి బస్సులో వేయించినాడు. మూట విప్పుకొని ఆయన ఫోను చేసినాడు. "ఏమన్నా, మా ఊర్లో అంతమంది ఆడోళ్ళు యాడుండారు?" అని ఒకటే నవ్వు. మామ నవ్వలేదు. ఆ పొద్దు అన్నం సగంలోనే లేచి చేయి కడుక్కున్నాడు.

అప్పటికి మా తోటికోడలు ఇంటికొచ్చి కొన్ని నెలలే అయింది. రాప్తాడు హైవే మీద వాళ్ళ నాయనది కిరాణా అంగడి. తను బీకాం చదివింది. ఫోన్ల పని ఎవరూ నేర్పలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు తన పాత ఫోను నత్తలాగ నడుస్తుంటే, ఇంకోటి కొనియ్యమని ఇంట్లో అడగలేక, ఇంటర్నెట్టులో ఎవరెవరో రాసింది చదువుకొని, కంపెనీ వేసిన సాఫ్ట్‌వేరు తీసేసి వేరేది వేసుకుందంట. ఆ ఫోను ఇప్పటికీ తన దగ్గర నడుస్తానే ఉంది.

మామ అన్నం వదిలేసి లేచిన రోజు సాయంత్రం తను ఆయన పక్కన కూర్చొని, ఆయన ఫోనును చెవి దగ్గర పెట్టుకొని చాలాసేపు చూసింది.

"మామా, సౌండు యాడిదాకా పోవల్లనో కంపెనీవాళ్ళు ఒక హద్దు పెట్టింటారు. దాన్ని నేను పెంచొచ్చు. కానీ దానికి తాళం తీయల్ల."

"ఏం తాళం?"

"ఫోను ఆన్ చేస్తే అన్నిటికంటే ముందు లేచేది ఒకటుంటాది మామా. బూట్‌లోడర్ అంటారు. లోపల ఉండేది కంపెనీ వేసిందేనా అని అది చూస్తాది. అయితేనే ఫోనును లేపుతాది. దానికి కంపెనీ తాళం వేసి పంపుతాది. అది తీస్తే గాని మనం లోపల చెయ్యి పెట్టేదానికి కాదు. తీస్తే ఫోనులో ఉండేదంతా ఒకసారి తుడిచిపెట్టుకపోతాది. రేపు ఏమన్నా చెడిపోతే, వారంటీ ఇచ్చేది లేదని కంపెనీవాళ్ళు అనొచ్చు."

"అదంతా నాకేమిటికమ్మా? వినపడితే చాలు."

తను అట్ల వదల్లేదు. "చాలు అనొద్దు మామా, విన్నానని చెప్పండి" అని, అదంతా మళ్ళీ మొదట్నుంచి, ఇంకా గట్టిగా చెప్పింది. మామ సరే విన్నానన్న తరువాతే పని మొదలుపెట్టింది. పెళ్ళయి వచ్చినప్పట్నుంచి మామ ముందర గట్టిగా మాట్లాడాలంటే నాకు నోరు వచ్చేది కాదు. ఆయనకు వినపడకపోతే పోయిందిలే అని తలూపి వచ్చేసేదాన్ని. ఈ పిల్ల మాత్రం ఆయనకు వినపడేదాకా చెప్పేది. నాకు తన మీద ఇష్టం అక్కడే మొదలైంది.

సౌండు పెరిగింది. మామ ఫోను చెవికి ఆనించుకుంటే అవతలివాళ్ళ మాట గల్లాపెట్టె దగ్గర నిలబడిన నాకు కూడా వినపడేది. ఇరవై ఇరవైగానే ఉండింది, అరవై అరవైగానే ఉండింది. ఫోను ఆన్ చేసిన ప్రతిసారీ తెరిచిన తాళం బొమ్మ ఒకటి కనపడి, ఈ ఫోను భద్రం కాదు అని ఇంగ్లీషులో ఏదో వచ్చేది. మామ దాన్ని వినాయకుడికి దండం పెట్టినట్ల ఒకసారి చూసుకొని నవ్వుకునేవాడు.

వేసవి వచ్చింది. పెన్నలో నీళ్ళు లేవు, ఇసకే. ఒకరోజు పొద్దున ఫోను తెర మీద పైనుంచి కిందిదాకా పచ్చటి గీత ఒకటి పడింది. కింద పడేసింది లేదు, తడిసింది లేదు. రెండు రోజులకు దాని పక్కన ఇంకో గీత. వారంటీ ఇంకా ఉంది. మా మరిది, అంటే తన మొగుడు, అనంతపురం పోయి కంపెనీ సర్వీసు సెంటర్లో ఇచ్చేసి వస్తానని బయల్దేరినాడు. తను ఆపింది.

"ముందు అడగనీ" అని సెంటరుకు తనే ఫోను చేసింది. తాళం తీసిన ఫోను, సాఫ్ట్‌వేరు మార్చినాము, తెర మీద గీతలు పడినాయి, తీసుకుంటారా అని ఉన్నదున్నట్ల అడిగింది. అట్లుంటే మా మిషను దాన్ని పట్టదు, కంపెనీ సాఫ్ట్‌వేరు వేసి, తాళం వేసుకొని తెండి, అప్పుడు చూస్తాం అన్నారంట.

"తాళం వేసేది ఎంతసేపు? నొక్కేస్తే అయిపోయె కదా" అన్నాడు మా మరిది.

"నొక్కేస్తే అయిపోతాది, ఫోను కూడా" అంది తను. "లోపల నేను మార్చింది ఉండంగానే తాళం వేస్తే, ఆన్ చేయంగానే ఆ బూట్‌లోడర్ చూసి, ఇది కంపెనీది కాదే అని ఫోనును లేపనే లేపదు. మళ్ళీ తాళం తీసేదానికి కూడా కాదు. ముందు కంపెనీది తిరిగి వేయల్ల. ఫోను ఒకసారి బాగా లేచి నడవల్ల. ఆ తరువాతే తాళం."

కంపెనీ సాఫ్ట్‌వేరు వెతికేదానికే చాలా టైము పట్టింది. ఒకే ఫోను పేరుతో వేరే దేశాలకు వేరేవి ఉంటాయంట. వాటిలో మన దేశందే కావాల. ఇప్పుడుండే దానికంటే పాతది కాకూడదు. ఇంటర్నెట్టులో ఎవరో ఇదే ఫోనుకు అని పెట్టింది ఒకటి దొరికితే, మా మరిది అదే వెయ్యమన్నాడు. తను ఫోను అట్టపెట్టె వెతికి తెచ్చి, వెనకుండే మోడలు నంబరుతో ఒక్కొక్క అక్షరం సరి చూసి, చివర ఒక అక్షరం వేరేగా ఉందని పక్కన పెట్టేసింది. మళ్ళీ వెతికింది. నేనైతే ఆ ఒక్క అక్షరానికేమవుతాదిలే అని వేసేసేదాన్ని.

తరువాత మామ ఫోనులో ఉండేదంతా లాప్‌టాపులోకి ఎక్కించింది. మామ పేర్లు రాసుకునే తీరే వేరు. "గుంతకల్లు అన్నదమ్ములు", "కల్యాణదుర్గం దగ్గేటాయన", "ఉరవకొండ ఆయమ్మ", ఇట్ల. అవన్నీ ఎక్కినాయని లాప్‌టాపు చెప్పినా తను నమ్మలేదు. మామను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క పేరు చదివి వినిపించింది. నైటీల పూల డిజైన్ల ఫోటోలు తెరిచి చూపించింది. ఆయన ఉందని తల ఊపితే ఇంకోదానికి పోయింది. అంగడిలో బేరం వస్తే లేచిపోయి చీటీ రాసిచ్చి, మళ్ళీ వచ్చి అక్కడ్నుంచే మొదలుపెట్టేది.

అసలు పని మధ్యాహ్నం పెట్టుకున్నాము. ఎండకు బజార్లో మనిషి ఉండడు, బేరాలు రావు. అంగడి లోపల, బట్టల బేళ్ళ మధ్య చాప వేసుకొని కూర్చున్నాము. లాప్‌టాపు బ్యాటరీ మీద నమ్మకం లేదు, కరెంటు మీద అంతకన్నా లేదు. అందుకని ఇన్వర్టరుకు తగిలించి, అంగట్లో ఫ్యాన్లన్నీ ఆపేసింది. చెమటలు కారుతున్నాయి. మామ ఉయ్యాల బల్ల మీద కూర్చొని తువ్వాలుతో విసురుకుంటూ చూస్తున్నాడు.

"అక్కా, ఈ వైరు కదలకుండా పట్టుకుంటావా? ఫోనుకు పెట్టే తావు కొంచెం వదులుగా ఉంది" అని ఆ పని నాకు అప్పజెప్పింది. నేను రెండు చేతులతో ఫోనును, వైరును కలిపి పట్టుకున్నాను, పసిబిడ్డ తలను పట్టుకున్నట్ల.

లాప్‌టాపు తెర కింద మూడు మాటలు కనపడినాయి. వాటిలో ఒకదానికి ముందే టిక్కు పెట్టి ఉంది. తను దాన్ని తీసేసి ఇంకోదానికి పెట్టింది. ఏమిటని అడిగితే, "మొదటిది అంతా తుడిచి, కొత్తది వేసి, వెంటనే తాళం కూడా వేసేస్తాది. మనకు ఇప్పుడే తాళం వద్దు కదక్కా. చూసుకోకపోతే అదే నొక్కేస్తాం" అంది. తరువాత మొదలుపెట్టే బటను నొక్కింది.

పచ్చటి పట్టీ ఒకటి నింపాదిగా ముందుకు పోతా ఉంది. సగం దాటినాక ఆగిపోయింది. తరువాత ఎర్రగా ఏదో అక్షరాలు. ఫోను తెర నల్లగా అయిపోయింది.

"ఏమయింది?" అన్నాడు మామ.

తను లాప్‌టాపు మీదికి వంగింది. నేను వైరు కదిలించినానేమో అని భయపడి దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మా మరిది వచ్చి పక్కన నిలబడి, "బజార్లో సెల్లు అంగడాయనకు ఇచ్చుంటే..." అని మొదలుపెట్టినాడు.

"నువ్వు కొంచేపు గమ్మునుండు" అంది తను, కోపం లేకుండానే. ఆ ఎర్ర అక్షరాలు నిదానంగా చదివింది. వైరు తీసి, దాన్ని కాకుండా తన పాత ఫోనుకు వచ్చిన పొట్టి వైరు తెమ్మని నాకు చెప్పింది. లాప్‌టాపుకు ఆ పక్క కాకుండా ఈ పక్క పెట్టింది. ఫోను పక్కనుండే రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకొని కూర్చుంది. చాలాసేపటికి ఆ నల్ల తెర మీద చిన్నచిన్న అక్షరాలు వెలిగినాయి.

"బతికే ఉండాది మామా" అని ఆయనకు వినపడేటట్ల గట్టిగా చెప్పింది. నన్ను చూసి, "నువ్వు కదిలించలేదక్కా. ఆ వైరే మంచిది కాదు" అంది. నా ముఖం చూసి తనకు అర్థమైపోయింది. అంత తొందరలో కూడా ఎదుటిమనిషి ముఖం చూసే తీరిక తనకుంది.

రెండోసారి పట్టీ చివరిదాకా పోయింది. ఫోను లేచింది. తను తొందరపడలేదు. తెర మీద నంబర్లన్నీ చూసుకుంది, కెమెరా తెరిచింది, సిమ్ము వేసి చూసింది. అన్నీ బాగున్నాయని తేలినాకే లాప్‌టాపులో తాళం వేసే మాట టైపు కొట్టింది. నిజంగానే వెయ్యాలనా అని ఫోను తెర మీద వచ్చింది. మామ చేతికిచ్చి, "ఈ బటను మీరే నొక్కండి మామా" అంది. ఆయన బొటనవేలితో నొక్కినాడు. ఫోను ఆరిపోయి, మళ్ళీ లేచేటప్పుడు తెరిచిన తాళం బొమ్మ రాలేదు. మా మరిది చప్పట్లు కొట్టినాడు. నేను పోయి ఫ్యాన్లన్నీ వేసినాను.

పని అయిపోయిందనుకున్నాము. సాయంత్రం తను తన ఫోను నుంచి మామ ఫోనుకు చేసి, దాంట్లో మా మరిదిని మాట్లాడమని, మామ ఫోను తాను చెవికి పెట్టుకొని చూసింది. రెండుసార్లు విన్నది. నాకిచ్చి వినమంది. మాట సన్నగా వస్తా ఉంది. దాంతోపాటు గరగరమని, పేపరు నలిపినట్ల సద్దు.

"ఇంతకుముందు కూడా ఈ సద్దు వచ్చేదా మామా?" అని అడిగింది.

"వచ్చేదేమో. నాకేం తెలుస్తాదమ్మా" అన్నాడు ఆయన.

తను మెట్ల మీద కూర్చుండిపోయింది. సౌండు ఎక్కువ పెట్టి పెట్టి లోపలి స్పీకరు చిరిగిపోయింది, అది నేను చేసిన పనే అని చెప్పింది.

మా మరిది తేలిగ్గా తీసేసినాడు. "ఎవరికి తెలుస్తాది? తాళం వేసేసినాం కదా. గీతలతో పాటు అది కూడా వారంటీలోనే పెట్టు."

"గీతలు నేను చేసింది కాదు. అవి కంపెనీవాళ్ళు బాగు చేసియ్యల్ల, దానికి నేను కొట్లాడతా. స్పీకరు నేను చేసింది. దానికి దుడ్లు మనమే కట్టల్ల."

"నీకు పిచ్చి పట్టింది."

"పట్టనీ" అంది.

మరుసటి రోజు పొద్దున బస్సుకు అనంతపురం పోయినాము, తను, నేను, మామ. మామ ఎందుకంటే, బిల్లు ఆయన పేరు మీదుంది. సర్వీసు సెంటర్లో టోకెను తీసుకొని కూర్చున్నాము. మా వంతు వచ్చింది. కౌంటర్లో ఉండే మనిషి ఫోను తీసుకొని మిషనుకు పెట్టి చూసి, గీతలు చూసి, వారంటీలో తెర మార్చిస్తామన్నాడు. కాగితం మీద సంతకం పెట్టమని ముందుకు జరిపినాడు. అంతే, లేచి వచ్చేయొచ్చు.

"అన్నా, ఇంకోటుంది" అంది తను. "మాట్లాడే స్పీకరు గరగరమంటాది. దాన్ని వారంటీలో వేయొద్దు. దీనికి నేను తాళం తీసి సౌండు పెంచినాను. మొన్న ఫోను చేసి అడిగింది కూడా నేనే. మీరు చెప్పినట్లే అంతా తిరిగి వేసి తెచ్చినా. గీతలకూ దానికీ సంబంధం లేదని నా నమ్మకం. మీరు విప్పి చూసుకోండి. స్పీకరుకు మాత్రం మేమే ఇస్తాం."

ఆయన తలెత్తి తనను చూసినాడు. తరువాత మామను చూసినాడు. లోపలికి పోయి రిపేరు చేసే అతన్ని పిలుచుకొచ్చినాడు. అతను వయసులో మా మరిది అంత ఉంటాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"ఏమిటికి పెంచినారమ్మా సౌండు?" అని అడిగినాడు.

తను మామ వైపు చూసింది. మామకు చెవుడని నలుగురిలో చెప్పాల్సి వస్తుందని ఆగింది. తన తప్పు చెప్పేదానికి వెనకాడని పిల్ల, ఆయన సంగతి చెప్పేదానికి వెనకాడింది.

అప్పుడు మామే ముందుకొచ్చినాడు. అడిగింది ఎంతవరకు వినపడిందో తెలియదు గాని, ముఖాలు చూసి ఊహించినట్లున్నాడు. "నాకు చెవులు వినపడవు నాయనా" అన్నాడు. "ఆ పాప నాకోసం చేసింది."

ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మా అత్తకు కూడా ఎప్పుడూ చెప్పినట్లు లేదు. మాట అనేసి, ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఏమీ మునిగిపోలేదు. అతను తల ఊపినాడు. విప్పి చూసి, గీతలు తెర లోపమే, అది కంపెనీ భరిస్తుంది, స్పీకరు వేరే బిల్లు రాస్తాను అన్నాడు. రెండు రోజుల తరువాత రమ్మన్నాడు.

బయటికొచ్చినాము. ఎండ మండిపోతా ఉంది. చెరుకురసం బండి దగ్గర నిలబడి తాగుతున్నాము. మామ గ్లాసు కింద పెట్టి, "ఈడ చెవుల డాక్టరు ఎవరన్నా ఉండారేమో అడుగమ్మా" అన్నాడు.

నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే, తను అప్పటికే చెరుకురసం అతన్ని అడుగుతా ఉంది.

డాక్టరు దగ్గర మామను ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, సద్దు వినపడితే బటను నొక్కమన్నారు. మేమిద్దరం అద్దంలోంచి చూస్తున్నాము. ఆయన పరీక్ష రాసే పిల్లోని లాగ కళ్ళు మూసుకొని, నుదురు ముడి వేసుకొని కూర్చున్నాడు. చాలాసేపు నొక్కలేదు. ఒకసారి నొక్కి మా వైపు చూసినాడు.

"అక్కా, నేను ఫోనును బాగు చేస్తా కూర్చున్నా" అంది తను మెల్లగా. "ముందే ఈడికి పిలుచుకొని రావల్ల కదా."

"ముందే పిలిచింటే వచ్చేవాడా? మేము పిలిచి చూసినాములే" అన్నాను. అది నిజం. మా ఆయన చెప్పినా, మా అత్త చెప్పినా, చెవిలో మిషను పెట్టుకుంటే బేరానికి వచ్చినోళ్ళు లోకువగా చూస్తారని కొట్టిపారేసినాడు. ఆ రోజు ఆయనను ఆ గదిలోకి నడిపించింది ఎవరో నాకు తెలుసు. తనకు తెలియదు.

రెండు చెవులకూ మిషన్లు వచ్చినాయి. మొదటి వారమంతా మామ విసుక్కున్నాడు. గిన్నెలు మెల్లగా పెట్టండి, ఆ కత్తెర కిరకిరమంటాది నూనె వెయ్యండి, పక్కింటి కోళ్ళు ఎన్నుండాయప్పా, అని. తరువాత అలవాటు పడినాడు. ఫోను కొత్త తెరతో, కొత్త స్పీకరుతో తిరిగొచ్చింది. తను మామ పేర్లన్నీ మళ్ళీ ఎక్కించింది, గుంతకల్లు అన్నదమ్ములతో సహా. తాళం తీయలేదు. తీయాల్సిన పని లేకపోయింది.

మా మరిది ఆ రోజు పిచ్చి అన్నాడు గాని, తరువాత బజార్లో స్నేహితుల దగ్గర ఈ కథంతా చెప్పుకున్నాడు. అందులో మా పక్కన నిలబడి తాను విసుక్కున్న సంగతి మాత్రం లేదు. నలుగురు ఫోన్లు పట్టుకొని వచ్చినారు, మాదీ తాళం తీసియ్యమని. తను ఎవరికీ తీయలేదు.

ఈమధ్య నా ఫోను తెరిస్తే చాలు, అడగని ప్రకటనలు మీద పడుతున్నాయి. వంట సంగతి చూద్దామని తెరిస్తే ఎవరో అప్పు ఇస్తామంటారు. నేను పోయి తన ముందర పెట్టినాను.

"దీన్ని కూడా తెరిచియ్యి పాపా."

తను ఫోను తీసుకోలేదు. చేతిలో ఉన్న నైటీల కట్ట పక్కన పెట్టి, నాకు చోటిచ్చి జరిగి కూర్చుంది. "తెరిస్తే ఏమేం పోతాయో ముందు చెప్తానక్కా. అంతా విని, అప్పుడు చెప్పు" అంది.

నేను కూర్చొని మొదట్నుంచి విన్నాను.